సీసపు అక్షరాల గోడ

2003 జూన్ 9, సోమవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు ఇది మొదలైంది. చోటు ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దగ్గర సందులోని ఇరానీ హోటల్. నా ఎదురుగా కూర్చున్నది ఒకప్పటి నా విద్యార్థిని. నేను నాంపల్లిలో ఒక ఆడపిల్లల కాలేజీలో ముప్పై నాలుగేళ్లు ఫిజిక్స్ చెప్పి 1997లో రిటైరయ్యాను. ఆమె వేరే రాష్ట్రంలో ఒక పరిశోధనా కేంద్రంలో పనిచేస్తోంది. సెలవుల్లో వచ్చి నన్ను చాయ్‌కి పిలిచింది.

ఏం పనిచేస్తున్నావని అడిగితే, హోటల్ బిల్లును సన్నగా, బిగుతుగా చుట్టి టేబుల్ మీద పెట్టింది.

"రోడ్డు అవతలకెల్లి చూస్తే ఇది గీత, మేడమ్. దగ్గరికొస్తే గొట్టం. గీత పొడుగూతా పోవచ్చు, గొట్టం చుట్టూ కూడా తిరగొచ్చు. మనకు తెలిసిన మూడు దిక్కులు కాకుండా, ప్రతి చోటా ఇట్ల చుట్టుకొని ఉన్న ఇంకో దిక్కు ఉందనుకోండి."

"చుట్టుకొలత ఎంత?"

"మీరేం మారలే మేడమ్. కేంద్రకం కంటే కొన్ని వేల రెట్లు చిన్నది."

"దాంట్లో తిరిగేవాటిని మనమెట్ల చూస్తం?"

"చూడలేం. మనకు నిలబడ్డట్టే కనిపిస్తయి. కానీ ఆ తిరుగుడంతా మనకు బరువుగా తెలుస్తది."

ఆ వాక్యం దగ్గర నా చాయ్ చల్లారిపోయింది. నక్షత్రమండలాల అంచుల్లో నక్షత్రాలు ఉండాల్సిన దానికన్నా వేగంగా తిరుగుతాయనీ, వాటిని పట్టి ఉంచడానికి కనిపించే పదార్థానికి అయిదారు రెట్లు కనిపించని పదార్థం ఉండాలనీ నాకు తెలుసు. చీకటి పదార్థం అనే పేరే తప్ప, అది దేనితో తయారైందో ఎవరికీ తెలియదు. ఆ చుట్టుదారిలో తిరుగుతున్న కణాలే అది కావచ్చునని ఈ మధ్యనే కొందరు లెక్క కట్టారట. మరి అలాంటి బరువైన కణం ఇన్నాళ్లు విచ్ఛిన్నం కాకుండా ఎలా మిగిలింది? దానికి ఆమె దగ్గర జవాబుంది. బేసి సంఖ్యను సరి సంఖ్యలు మాత్రమే వచ్చేలా విడగొట్టలేం. ఆ చుట్టు తిరుగుడుకీ అలాంటి నియమమే ఉంది. మామూలు కణాలన్నీ సరి. ఇది బేసి. బేసివాటిలో అన్నిటికన్నా తేలికైనదానికి ఇక దిగడానికి మెట్టు లేదు. అందుకని అలాగే ఉండిపోయింది.

ఆ కణం బరువు ప్రోటాను కంటే ఆరు వందల రెట్లు అనుకుని, మన చుట్టుపక్కల ఆ పదార్థం ఎంత చిక్కగా ఉందని అంచనానో ఆమెను అడిగి, పర్సులోని కవరు వెనక లెక్క వేశాను. రెండు లీటర్లకు ఒకటి వచ్చింది. మా ఇంట్లో తాగే నీళ్ల చెంబు రెండు లీటర్లది. అంటే ఏ క్షణంలో చూసినా ఆ చెంబులో ఒకటి ఉంటుంది, మరుక్షణం అది వెళ్లిపోయి ఇంకోటి వస్తుంది.

"ఎట్ల పట్టుకుంటరు?"

మూడు దారులు చెప్పింది. కణాలను ఎదురెదురుగా ఢీకొట్టించి, లెక్కలో ఎంత శక్తి తక్కువైందో చూడడం ఒకటి. సూర్యుడి లోపల చిక్కుకున్న ఈ కణాలు ఒకదాన్నొకటి నాశనం చేసుకుంటే వచ్చే న్యూట్రినోలను దక్షిణ ధ్రువం మంచులో వెతకడం రెండోది. మూడోది తన పని. ఒక స్ఫటికాన్ని సీసపు గోడల మధ్య పెట్టి, ఎన్నడో ఒకసారి ఆ కణం వచ్చి అందులోని ఒక కేంద్రకాన్ని తడితే పుట్టే చిన్న మెరుపు కోసం కాచుకోవడం. గోడ ఎందుకంటే, మెరుపులు అన్నిటికీ వస్తాయి. రాళ్లలోని యురేనియం, సిమెంటు, మన ఒంట్లోని పొటాషియం, అన్నీ మెరిపిస్తాయి. ఆ గోలంతా ఆపితేగానీ నెమ్మదైన తట్టు వినిపించదు.

"నేను చెయ్యొచ్చా?" అన్నాను.

ఆమె నవ్వలేదు. అందుకు ఇప్పటికీ ఆమె అంటే నాకు గౌరవం. "మీకు ఆ కణం దొరకదు మేడమ్. గనుల లోపల పెట్టినోళ్లకే దొరుకుతలేదు."

"దొరకదని తెలుసు. ఎంతకు మించి లేదని చెప్పగలనా?"

"అది చెప్పొచ్చు. దాన్నే లిమిట్ అంటం."

నాకు కావలసింది అదే. ముప్పై నాలుగేళ్లు నేను బోర్డు మీద రాసిన ప్రతి విలువా ఇంకొకరు కొలిచిందే. కాంతి వేగం, ఎలక్ట్రాను ఆవేశం, అన్నీ అప్పుగా తెచ్చి పంచిపెట్టాను. నేను కొలిచిన సంఖ్య ఒక్కటి కూడా లేదు. నాకప్పుడు అరవై నాలుగేళ్లు. ఆ ఒక్క సంఖ్య లేకుండా పోకూడదని ఆ టేబుల్ దగ్గరే నిశ్చయించుకున్నాను.

ఆమె కేంద్రంలో వాడకం నుంచి తీసేసిన ఒక సోడియం అయొడైడు స్ఫటికం ఉంది. దాన్ని, దాని మెరుపులను లెక్కపెట్టే పెట్టెలను ఒక ఏడాదికి ఇప్పించడానికి ఆమెకు ఏడు నెలలు పట్టింది. 2004 జనవరిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ రద్దీలో, మొజంజాహి మార్కెట్ దగ్గరి పార్శిలు ఆఫీసు నుంచి ఇంటిదాకా నా ఒళ్లో పెట్టుకుని ఆటోలో తెచ్చాను. తిరిగి ఇవ్వాల్సిన గడువు 2005 జనవరి 31.

మా ఇల్లు నాంపల్లి స్టేషనుకు దగ్గర. నేను పెళ్లి చేసుకోలేదు. మేడ మీద గది నాది, కింద అన్నావదినలు, వీధి వైపు అన్న ప్రింటింగ్ ప్రెస్సు, దాని కింద కాగితం దాచుకునే నేలమాళిగ, తహఖానా. మా నాయన మెదక్ వైపు మిషను ప్రెస్సులో అక్షరాలు కూర్చే కంపోజిటరుగా పనిచేసి, 1936లో ఇక్కడికొచ్చి సొంతంగా పెట్టుకున్నాడు. పెళ్లిపత్రికలు, పరీక్ష పేపర్లు, చర్చి కాగితాలు అచ్చువేసేవాళ్లు. కంప్యూటర్ సెంటర్లు వచ్చాక ఆబిడ్స్‌లో ఒక్కో మెట్ల కింద ఒక్కో డీటీపీ దుకాణం వెలిసింది. 1998 తర్వాత అన్న దగ్గరికి బయటి పని రాలేదు. క్రిస్మస్‌కు చర్చి పాటల కాగితం మాత్రం ఏటా తనే ఒక్కో అక్షరం ఏరి కూర్చి, కాలితో తొక్కే ట్రెడిల్ మీద అచ్చు తీసేవాడు.

గోడకు సీసం కావాలి. బజారు సీసం పనికిరాదు. గనిలోంచి తీసిన సీసంలో సీసం జాతిదే ఒక రేడియోధార్మిక రకం కొద్దిగా ఉంటుంది. ఇరవై రెండేళ్లకు సగమవుతుంది. పాత బ్యాటరీల సీసంలో కొత్తదీ పాతదీ కలిసిపోయి ఉంటుంది. పాత సీసం ఒక్కచోటే ఉంది. నాయన 1936లో పోయించిన అచ్చు అక్షరాలు. అరవై ఎనిమిదేళ్లు. మూడుసార్లు సగమై ఎనిమిదో వంతుకు దిగింది.

ఫిబ్రవరిలో అన్నను అడిగాను.

"కనవడనిదాన్ని నమ్మనీకె మనకు చర్చి ఉండనే ఉన్నది గదనే," అన్నాడు అన్న. "మల్ల సీసం ఎందుకు?"

"నమ్మనీకె కాదన్నా. కొలవనీకె."

"దొరుకుతదా?"

"దొరకదు."

"దొరకదని తెలిసి ఎతుకుతవా? ఇసొంటి పనికి మన ఇంట్ల నువ్వే సరిపోయినవ్."

వంటింట్లోంచి వదిన అందుకుంది. "టీచరమ్మ నాకు తప్పిపోయిన చెంచాలు ఎతికిపెట్టదుగని, లోకంల లేనిదాన్ని ఎతుకుతదంట!"

అన్న ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. అక్షరాలను పేజీల్లా దారంతో కట్టి ఇస్తాడు. నేను వాటిని ఇటుకల్లా పేర్చుకోవాలి. ఏడాది తర్వాత అవన్నీ మళ్లీ గళ్లున్న కేసుల్లో, ఎక్కడివి అక్కడ పడాలి. ఒక్కటి విరిగినా ఊరుకోడు. పెద్ద శీర్షికల టైపు మాత్రం ఇవ్వనన్నాడు. ఈ క్రిస్మస్‌కు పాటల కాగితం మొత్తం దాంతోనే కూర్చుకుంటానన్నాడు.

ఇచ్చే ముందు ఆయన అన్నిటినీ కడిగాడు. మా ప్రెస్సులో నాయన పెట్టిన ఆచారం అది. ప్రతి శనివారం సాయంత్రం, ఆదివారం రాకముందే, వాడిన టైపునంతా కడగాలి. కట్టెల బూడిదను నీళ్లలో నానబెట్టి, పైన తేరిన తేటను వంచి, దానితో బ్రష్షు పెట్టి రుద్దాలి. మురికి అక్షరం ఆదివారం చూడకూడదని నాయన అనేవాడు. కిరసనాయిలు వచ్చాక ఊళ్లోని ప్రెస్సులన్నీ దానికి మారినా, మావాళ్లు బూడిద తేట మానలేదు. నా గోడకు పోయే అక్షరాలను అన్న రెండు వారాలు కూర్చుని, ఒకటికి మూడుసార్లు కడిగి, ఎండలో ఆరబెట్టి, కట్టలు కట్టాడు.

మార్చి మొదట్లోనే తహఖానాలో గోడ లేచింది. మధ్యలో స్ఫటికం, చుట్టూ అక్షరాల కట్టలు. మెరుపులను వాటి శక్తిని బట్టి వేరుచేసి లెక్కపెట్టే పెట్టె ఉంది. ఎంత శక్తి నుంచి ఎంత శక్తి దాకా లెక్కపెట్టాలో మనం చెప్పొచ్చు. ఆ హద్దుల మధ్య జాగాను కిటికీ అంటారు. నాకు కావలసింది అన్నిటికన్నా అడుగు కిటికీ. చీకటి పదార్థం తడితే వచ్చే మెరుపు అంత చిన్నది. గోడ లేనప్పుడు అందులో నిమిషానికి 2,140 పడ్డాయి. హైదరాబాదు గ్రానైటు మీద ఉన్న ఊరు, ఆశ్చర్యం లేదు. గోడ కట్టాక యాభైకి దగ్గరగా రావాలని నా లెక్క. 310 వచ్చాయి.

కట్టల మధ్య సందులు చూశాను, సర్దాను. 304. కరెంటు వల్ల వచ్చే గోలేమోనని స్టేషనులో ఇంజన్లు కదలని వేళ చూసి కొలిచాను. 309. నెల రోజులు ఇలా గడిచాక, అడుగు కిటికీని వదిలేసి, పైనుంచి కిందిదాకా ఒక్కో కిటికీ తెరిచి మొత్తం గీత గీశాను. ఒక చోట దిబ్బ లేచింది. ఆ శక్తి పొటాషియం కిరణాలది, అంటే అది పొటాషియం దిబ్బ. బయటి గ్రానైటులోనూ పొటాషియం ఉంది. కానీ గోడ బయటి నుంచి వచ్చేదయితే మిగతావాటితో పాటే తగ్గాలి. ఇది తగ్గలేదు. అంటే గోడ లోపలే ఉంది. దాని కిరణాలు గోడల్లో చెదిరి, ఆ తుంపర్లన్నీ నా అడుగు కిటికీలో పడుతున్నాయి.

గోడలో పొటాషియం ఎక్కడిది? మేడ మెట్లెక్కుతూ, పెరట్లో వదిన నీళ్ల పొయ్యి ముందు కూర్చుని ఉండడం చూసి ఆగిపోయాను. ఒక గిన్నెలో చల్లారిన బూడిద ఎత్తుకుని కిందికి దిగి, స్ఫటికం పక్కన పెట్టాను. అన్న కూడా వచ్చి నిలబడ్డాడు. దిబ్బ రెట్టింపు దాటింది. గిన్నె తీశాను, దిగింది. మళ్లీ పెట్టాను, లేచింది.

"అంటే?" అన్నాడు అన్న.

"బూడిదల పొటాషియం ఉంటదన్నా. మన అక్షరాలకు అరవై ఎనిమిదేండ్ల బూడిద నీళ్లు పట్టి ఉన్నయి."

"మూడుసార్లు కడిగిన గదనే!"

"దేనితోని కడిగినవ్?"

అన్న గిన్నె వైపు చూశాడు. తర్వాత ఇద్దరమూ నవ్వాం. ఆయన నవ్వుతూ నవ్వుతూ మెట్ల మీద కూర్చుండిపోయాడు.

గోడ విప్పి వేడినీళ్లతో కడిగాం. ఏప్రిల్ అంతా అదే పని. మళ్లీ కట్టి చూస్తే 170. సగం పోయింది. మిగిలిన సగం పోదు. భూతద్దం పెట్టి చూశాను. తెలుగు అక్షరానికి మెలికలు ఎక్కువ. సున్నాల లోపల, ఒత్తుల మూలల్లో, అవిసె నూనె సిరా గట్టిపడి పెంకు కట్టింది. ఆ పెంకు కింద ఎన్నో శనివారాల బూడిద. నీళ్లు అక్కడికి పోవు. సూదితో గీకితే అక్షరం చెడిపోతుంది. పోయే దారి ఒక్కటే. కరిగిస్తే సిరా, బూడిద మడ్డిగా పైకి తేలుతాయి. తీసి పారేయొచ్చు. సీసం వయసు మాత్రం కరిగించినా మారదు.

ఆ మాట అన్నతో అన్నది మే 16, ఆదివారం, చర్చి నుంచి వచ్చాక. షరతు మాటేందని ఆయన అడగలేదు. నేనే అన్నాను.

"ఇచ్చిన మాట తప్పమంటలేనన్నా. ఒద్దంటే గీడికే ఆపేస్త. నూట డెబ్భై అని రాసి పంపిస్త. అదిగూడ సంఖ్యనే."

"మంచి సంఖ్యనా?"

"కాదు. అది చీకటి పదార్థం సంగతి చెప్పదు. మన బూడిద సంగతి చెప్తది."

ఆయన లేచి ప్రెస్సులోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. మూడో రోజు పళ్లెం పెడుతూ వదిన అంది. "ఆయనకు గాడ కూసుండుడు తప్ప ఇంకేమున్నదని? అదిగూడ నీకే కావాల్నా?"

నాకు కావాలి, అంతే. దాన్ని చిన్నబుచ్చి చెప్పలేను. ఆయన వద్దంటే ఆపేదాన్ని. వద్దనకూడదని మాత్రం ప్రతి పూటా కోరుకున్నాను.

శనివారం పొద్దున అన్న మేడెక్కి వచ్చాడు. "కరగవెడ్దాం. గని నేనే పోస్త. నాయన పోయించినదాన్ని ఎవడో వచ్చి పొయ్యొద్దు."

"ఆలోచించుకున్నవా?"

"ఆలోచించుడేంది? ఆ డబ్బాలల్ల అవి ఆరేండ్లసంది ఊకెనే పండుకొని ఉన్నయి. ఏటికొక్కరోజు లేస్తయి. నీ తాన దినాం డ్యూటీ ఎక్కుతయి."

కట్టెల పొయ్యి వద్దని ముందే చెప్పాను. మళ్లీ బూడిద. పెరట్లో గ్యాస్ పొయ్యి పెట్టాం. వదిన తన పెద్ద ఇనుప మూకుడు తెచ్చి ఇచ్చింది. అచ్చుపెట్టె వెల్డింగు షాపులో చేయించాను. గాలికి ఎదురుగా కాకుండా నిలబడి, మూతికి తడిబట్ట కట్టుకుని, జూన్ మొదటివారంలో మొదలుపెట్టాం. అన్న ప్రతి కట్టనూ విప్పకుండా మూకుట్లోకి జారవిడిచేవాడు. ముందు దారం కాలేది. ఆ తర్వాత పేజీ కాసేపు పేజీలాగే నిలబడి, ఒక మూల నుంచి కుంగి మెరుస్తూ పరుచుకునేది. నల్లటి మడ్డి పైకి తేలితే నేను గరిటెతో తీసేదాన్ని.

వాసనకు వీధిలో పాత సామాను కొంటూ పోయే కబాడీ ఆయన లోపలికి తొంగిచూశాడు. "అమ్మా, గింత కష్టమెందుకు? నాకే ఇయ్యుండ్రి. మొత్తం గంటల తీస్కపోత."

"అమ్మేది కాదు భాయ్," అన్నాడు అన్న. "దీనితోని మా చెల్లె ఆసమాన్‌ల ఏమున్నదో చూస్తదంట."

"ఆసమాన్ చూడనీకె తహఖానాల కూసుంటరా సాబ్?"

"నాకూ గదే సమజ్ కాలే. పోసుడైతే పోస్తున్న."

నాలుగు గోడలకు, అడుగుకు ఇటుకలు సరిపోయాయి. పైకప్పుకు అయిదారు తక్కువ పడ్డాయి. మిగిలింది శీర్షికల టైపే, కానీ దాన్ని ఇవ్వనని అన్న ముందే అన్నాడు. పక్క గోడలు పలచన చేసి ఎలా సర్దాలా అని కాగితం మీద గీస్తున్నాను. అన్న వచ్చి చూసి, ప్రెస్సులోకి పోయి, పెద్ద శీర్షికల కేసును రెండు చేతులతో ఎత్తుకొచ్చి మూకుడు పక్కన పెట్టాడు.

"గోడలు కట్టి కప్పెయ్యకుంట ఇడిసిపెడ్తరా ఎవ్వలన్న?"

"మల్ల పాటల కాగితం?"

"డీటీపీ పోరగాళ్లు చేస్తరు తియ్యి. వాళ్లు గూడ బత్కాలె గద."

అది పోస్తున్నప్పుడే అచ్చుపెట్టెలో ఎక్కడో తడి ఉండి సీసం చిమ్మింది. ఆయన ఎడమ చేతి చూపుడు వేలు కాలింది. కూర్చేటప్పుడు అక్షరం పక్కనున్న గాడిని తడిమి, అది తిరగబడలేదని తెలుసుకునే వేలు అదే. దవాఖానకు పోయి కట్టు కట్టించుకుని వచ్చి, సాయంత్రానికి మిగిలింది పోశాడు.

జూన్ 28న కొత్త గోడ నిలబడింది. నున్నటి ఇటుకలు, సందు లేదు. పొటాషియం దిబ్బ కూర్చుంది. అడుగు కిటికీలో నిమిషానికి 46. నా లెక్కకు అందింది. జూలై నుంచి డిసెంబరు దాకా ప్రతి రోజూ ఉదయం ప్రార్థన అయ్యాక దిగి లెక్క రాసుకున్నాను. కరెంటు పోయిన రోజులను తీసేశాను. ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలను ఏ సీసమూ ఆపదు. వాటికోసమే కదా మిగతావాళ్లు గనుల్లోకి పోయింది. అయినా వాటిని తీసివేయలేదు. పడిన ప్రతి మెరుపూ చీకటి పదార్థమే అనుకున్నా, ఇంతకు మించదని చెప్పడం నిజాయితీ అయిన పద్ధతి.

2005 జనవరిలో నా విద్యార్థిని స్ఫటికం కోసం వచ్చినప్పుడు సంఖ్య చేతికిచ్చాను. స్ఫటికం బరువు కిలోంబావు పైచిలుకు. కిలోకు రోజుకు 52,157 తట్ల కన్నా ఎక్కువ లేవు. ఆమె తన సంచిలోంచి అందరి లిమిట్లూ గీసిన గ్రాఫు తీసింది. ఎంత కిందికి ఉంటే అంత గొప్ప. మా గీత ఎక్కడ పడాలో కొలిచి చూస్తే, కాగితం దాటి పైకి పోయింది. మంచివాటికన్నా రెండు వేల రెట్లు పైన. ఆమె ఇంకో కాగితం తెచ్చి పైన అతికించి, అందులో గీసింది.

"లిమిటేనా?" అని అడిగాను.

"లిమిటే మేడమ్. తప్పేం లేదు. దీని కింద ఎంత చోటుందో చూడండి, అది అక్కడెక్కడో దాక్కుని ఉండాలి."

అన్న కళ్లద్దాలు సర్దుకుని ఆ గీతను చాలాసేపు చూశాడు. "అందరికన్న పైన ఉన్నం గదనే," అన్నాడు.

ఆమె ఇటుకల్లో ఒకటి తీసుకుపోయి తమ గనిలో కొలిపించింది. మార్చిలో అడిగింది. అంత పాత సీసం వాళ్లకు కొందామన్నా దొరకడం లేదట, కొత్త పరికరంలో లోపలి గోడకు ఇస్తారా అని. అన్నను అడిగాను. ఆయన లారీ ఎప్పుడొస్తుందని మాత్రం అడిగాడు. ఏప్రిల్ 11న అన్నీ వెళ్లిపోయాయి. ఆ పరికరంలోనూ కణం ఇంకా దొరకలేదు. దాని గీత మాత్రం మా గీతకు చాలా కింద ఉంది.

నాది అని చెప్పుకోగల సంఖ్య ఒకటి మిగిలింది. పోయినవి ఇవి. పన్నెండు పాయింట్ల తెలుగు టైపు, 262 కిలోలు. పద్దెనిమిది పాయింట్లది, 118 కిలోలు. శీర్షికల టైపు, 58 కిలోలు. మొత్తం 438. అందులో మడ్డిగా తీసి పారేసింది 19 కిలోలు, ఇటుకలై వెళ్లింది 419 కిలోలు. అక్షరాలు లేని ట్రెడిల్ ఒకటి, ఆ ఏడాదే తీసేశాం. వదిన ఇనుప మూకుడు ఒకటి, మళ్లీ వంటకు పనికిరాలేదు. చేత్తో కూర్చిన క్రిస్మస్ పాటల కాగితం, 2004 నుంచి ఏటా ఒకటి. అన్న ఎడమ చేతి చూపుడు వేలికి, మొదటి కణుపు దాకా, స్పర్శ.